యజమాని కాబోయిన కార్మికుడు: సచిన్ సాంచాల నుంచి డల్లాస్ అద్దాల మేడ దాకా

"ఉద్యోగం అడిగేవాడివి కావద్దు, పదిమందికి ఉద్యోగం ఇచ్చేవాడివి కావాలి" అనే ఉపదేశం ఈనాడు దేశమంతటా మారుమోగుతున్నది. 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా పథకం ప్రారంభమైనది మొదలు ఈ మాట వినిపించని వేదిక లేదు. మంత్రుల ఉపన్యాసాలలో, కళాశాలల వార్షికోత్సవాలలో, చివరకు మన పదవీ విరమణ సభలలో సైతం ఇదే మాట. రైల్వేలలో ఖాళీలు ఎందుకు భర్తీ చేయరని మనం అడిగినప్పుడు, బ్రాంచి పోస్టాఫీసు నడిపే గ్రామీణ డాక్ సేవక్‌ను శాశ్వత ఉద్యోగిగా ఎందుకు గుర్తించరని అడిగినప్పుడు, లభించే సమాధానం కూడా కొంచెం అటూ ఇటూగా ఇదే: కాలం మారింది, మీ పిల్లలకు కొలువులు వెతకడం మానండి, వారిని యజమానులను చేయండి!

ఉపదేశాన్ని ఎదురు ఉపదేశంతో ఖండించడం మా ఉద్దేశం కాదు. కార్మికుడు యజమాని అయిన చోట ఏమి జరిగిందో చూడడమే మా ఉద్దేశం. ఇందుకు మేము రెండు వృత్తులను తీసుకుంటున్నాము. మొదటిది, మనవాళ్లు లక్షల సంఖ్యలో బ్రతుకు వెతుక్కుంటూ వెళ్లిన గుజరాత్‌లోని సూరతు, దాని శివారులోని సచిన్ ప్రాంతాలలో మరమగ్గాల పని. రెండవది, మన పిల్లలు నేడు ఆశగా చూస్తున్న వీడియో గేముల తయారీ పని. ఒకటి నూనె మరకల పని, మరొకటి చల్లని గదుల పని. ఒకదానికి, మరొకదానికి సంబంధం ఏమిటని పాఠకులు అడగవచ్చు. చివరిదాకా చదివిన పిమ్మట ఆ ప్రశ్న మిగలదని మా నమ్మకం.

సచిన్‌లో మనవాళ్లు

సూరతు నుంచి బొంబాయి వైపు సాగే లైనులో ఉధ్నా, భేస్తాన్ దాటగానే వచ్చే స్టేషను సచిన్. 1948 వరకు సిద్దీ వంశపు నవాబుల ఏలుబడిలో వున్న చిన్న సంస్థానమది. నేడు అక్కడ గుజరాత్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ వారి విశాలమైన పారిశ్రామిక వాడ వున్నది, ప్రత్యేక ఆర్థిక మండలి వున్నది, మగ్గాలు, రంగుల అద్దకపు మిల్లులు, రసాయన కర్మాగారాలు, వజ్రాల సానపట్టు కేంద్రాలు వున్నవి. ఒరిస్సాలోని గంజాం జిల్లా నుంచి, ఉత్తరప్రదేశ్, బీహారుల నుంచి, మన కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చిన కూలీల చెమటతోనే సూరతు నగరం కృత్రిమ పట్టు రాజధాని అయినది. సూరతు మునిసిపాలిటీ ఈనాటికీ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు నడుపుతున్నదంటే అక్కడ మనవారి సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు.

రైల్వే, తపాలా ఉద్యోగులకు ఈ ప్రజలు కొత్తవారు కారు. ఈ కూలీ సంపాదనను మనియార్డరు రూపంలో పల్లె గడపకు చేర్చినది తపాలా ఉద్యోగి. 1994 సెప్టెంబరులో సూరతులో ప్లేగు భయం పుట్టి లక్షలాది జనం నగరం విడిచి పారిపోయినప్పుడు వారిని స్వస్థలాలకు మోసినది రైలు. 2020 లాక్‌డౌనులో సూరతు మగ్గం కార్మికులు "మమ్మల్ని ఇళ్లకు పంపండి" అని వీధులకెక్కారు. ఆ ఏడాది మే 1న మన లింగంపల్లి నుంచి హతియాకు బయలుదేరిన తొలి శ్రామిక్ రైలును నడిపినదీ రైల్వే కార్మికుడే. అందుచేత సచిన్ కార్మికుని కథ మన కథకు వెలుపలిది కాదు.

మగ్గం పనివాడు అక్కడ రోజుకు పన్నెండు గంటలు నిలబడతాడు. పగలు ఒక వారం, రాత్రి ఒక వారం. జీతం లేదు, మీటరుకింత అని కూలి. పని ఆగిన రోజు కూలి ఆగినట్లే. ఈ స్థితి నుంచి బయటపడడానికి అతనికి ఎవరు చూపించినా చూపించేది ఒక్కటే దారి: "నువ్వే నాలుగు సాంచాలు కొనుక్కో." పదేళ్లు కూడబెట్టి, చీటీ పాడి, ఊళ్లోని చెలక అమ్మి, చాలని దానికి వడ్డీకి తెచ్చి, వేరొకరు వాడి విడిచిన పాత సాంచాలు నాలుగు కొంటాడు. అద్దె షెడ్డులో బిగిస్తాడు. ఆ రోజున కొబ్బరికాయ కొట్టి, తోటి కార్మికులకు మిఠాయి పంచుతాడు. అతను యజమాని అయినాడు.

ఏ విధంగా యజమాని? నూలు అతనిది కాదు, సేటుది. నేసిన గుడ్డ అతనిది కాదు, అదీ సేటుదే. ఏ రకం గుడ్డ నేయాలో, ఎంతకు అమ్మాలో నిర్ణయించేది అతను కాదు. అతనికి లభించేది మీటరుకింత అని 'జాబ్ వర్కు' కూలి మాత్రమే. నిన్నటిదాకా ఒక్కని కూలి, నేడు నాలుగు సాంచాల కూలి, అంతే తేడా! కరెంటు బిల్లు, షెడ్డు అద్దె, అప్పు వాయిదా, విడిభాగాల ఖర్చు, తాను పెట్టుకున్న పనివాని కూలి, ఇవన్నీ మాత్రం అతని సొంతం. లాభం సేటుకు, నష్టం యజమానికి! బజారు పడిపోయిన నెలలో సేటు నూలు ఆపివేస్తాడు. అప్పు వాయిదా ఆగదు. అప్పుడు మన యజమాని పనివాణ్ణి మానిపించి రాత్రి పాళీ తానే నిలబడతాడు, కండెలు చుట్టే పని భార్యకు అప్పగిస్తాడు. తనను తానే దోచుకునే యజమానిని ఇంతకుముందు ఏ అర్థశాస్త్రవేత్త అయినా చూశాడో లేదో కాని, సూరతు వీధులలో అతను అడుగడుగునా కనిపిస్తాడు.

2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయినవి. కూలి చెల్లింపు, నూలు కొనుగోలు సమస్తం నగదుతో నడిచే ఆ వాడలలో మగ్గాలు మూగబోయినవి. ఆ దెబ్బ మానకముందే 2017 జూలై 1న జి.ఎస్.టి. వచ్చింది. కృత్రిమ నూలుపై 18 శాతం, గుడ్డపై 5 శాతం పన్ను వేసి, ఎక్కువగా కట్టిన పన్నును నేతదారునికి తిరిగి ఇవ్వమన్నారు. 2017 జూలైలో సూరతు గుడ్డల వ్యాపారులు వారాల తరబడి దుకాణాలు మూసి వీధులకెక్కారు. అక్టోబరులో నూలుపై పన్ను 12 శాతానికి దిగింది, పోగుపడిన పన్ను తిరిగి ఇచ్చే ఏర్పాటు 2018 ఆగస్టు నుంచి గాని రాలేదు. ఈలోగా వేలాది పాత సాంచాలు తూకానికి, పాత ఇనుము కింద అమ్ముడుపోయినవి. ఏ సాంచాల కోసం చెలక అమ్మారో ఆ సాంచాలు కిలోల లెక్కన వెళ్లిపోయినవి. వ్యాపారి తిరిగి నిలబడ్డాడు. నాలుగు సాంచాల యజమాని తిరిగి మరొకరి సాంచాల ముందు నిలబడ్డాడు.

ఈ 'యజమాని' వల్ల అసలు యజమానికి కలిగే లాభం డబ్బుకు మాత్రమే పరిమితం కాదు. చట్టం నుంచి తప్పించుకునే సౌకర్యం అంతకన్న గొప్పది. వంద సాంచాల కార్ఖానా వుంటే అది ఫ్యాక్టరీ, దానికి తనిఖీ వుంటుంది, ప్రావిడెంట్ ఫండ్, ఇ.ఎస్.ఐ. వుంటాయి, సంఘం పుట్టే ప్రమాదం వుంటుంది. ఆ వందనే పాతిక ముక్కలు చేసి పాతికమంది యజమానుల పేర రాస్తే ఫ్యాక్టరీ మాయమై దుకాణాలు మిగులుతాయి. 1960లలోనే దక్షిణ గుజరాత్ వచ్చి దశాబ్దాల పాటు అక్కడి కూలీల జీవితాలను పరిశోధించిన డచ్చి పండితుడు యాన్ బ్రేమన్ వంటివారు ఈ ఎత్తుగడలను ఏనాడో గ్రంథస్థం చేశారు. ఇక 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం విద్యుత్తు వాడే చోట 20 మంది పనివారు వుంటేనే ఫ్యాక్టరీ. ఇదివరకు ఆ సంఖ్య 10. అంటే, ఇంతదాకా చాటుగా చేసిన పనికి ఇప్పుడు రాజముద్ర పడినది.

తనిఖీ లేనిచోట ప్రాణానికి విలువ ఎంత వుంటుందో సచిన్ చెప్పగలదు. 2022 జనవరి 6న తెల్లవారుజామున ఒక టాంకరు నుంచి విష రసాయన వ్యర్థాలను దొంగచాటుగా కాలువలోకి వదలగా, వెలువడిన వాయువుకు పక్కనే వున్న అద్దకపు మిల్లు దగ్గర ఆరుగురు కార్మికులు ప్రాణాలు విడిచారు. 2023 నవంబరు 29న ఒక రసాయన కర్మాగారంలో పేలుడు, మంటలు. మరునాడు ఏడు మృతదేహాలు వెలికితీశారు. 2024 జూలై 6న కార్మికులు అద్దెకుండే బహుళ అంతస్తుల భవనం కూలి మరో ఏడుగురు మరణించారు. పనిచేసే చోటా భద్రత లేదు, పడుకునే చోటా భద్రత లేదు. ఈ మృతులలో ఎవరికీ 'ఉద్యోగం ఇచ్చేవాడివి కా' అనే ఉపదేశం పనికిరాలేదు.

సిరిసిల్ల పాఠం

సూరతు దూరమనుకుంటే మన సిరిసిల్లను చూడవచ్చును. అక్కడా ఇవే మూడు మెట్లు: పైన నూలు ఇచ్చే సేటు, మధ్యన నాలుగు సాంచాల ఆసామి, కింద కార్మికుడు. తెలంగాణా ప్రభుత్వం 'వర్కర్ టు ఓనర్' అని ఇంగ్లీషు పేరు పెట్టి, పెద్దూరు దగ్గర షెడ్లు కట్టి, కార్మికునికి నాలుగేసి సాంచాలు ఇచ్చి యజమానిని చేస్తామని ప్రకటించింది. షెడ్లు లేచినవి. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారేనాటికి కూడా ఆ కార్మికులు యజమానులు కాలేదు. ఈలోగా సిరిసిల్లను నిలబెట్టినది ఏమిటి? 2017 నుంచి ఏటా వచ్చిన బతుకమ్మ చీరల ప్రభుత్వ ఆర్డరు. 2024లో ఆ ఆర్డరు ఆగగానే సాంచాలు ఆగినవి, ఆకలి తిరిగి గడప తొక్కినది. సాంచా ఎవరి పేర వున్నది అన్నది కాదు, ఆర్డరు ఎవరి చేతిలో వున్నది అన్నదే అసలు ప్రశ్న అని ఇంతకన్న స్పష్టంగా ఏ పుస్తకమూ చెప్పలేదు.

అద్దాల మేడలో ఆసామి

ఇక రెండవ వృత్తి. వీడియో గేముల తయారీ నేడు సినిమాలను మించిన వ్యాపారమైనది. హైదరాబాదు, బెంగుళూరు, పూనా నగరాలలో వేలాది యువకులు ఈ పనిలో వున్నారు. వారిలో గార్డు కూతుళ్లు, పోస్టుమాన్ కొడుకులు కూడా వున్నారు. ఈ వృత్తిలో యువకులకు చూపించే దేవుడు ఒకడు: 'సొంత స్టూడియో పెట్టిన గేము నిర్మాత.' అటువంటి వారిలో అగ్రగణ్యుడైన అమెరికన్ జాన్ రొమేరో జీవితం బహిరంగ చరిత్ర. దానిని పరిశీలిద్దాం.

1967లో పుట్టిన రొమేరో చిన్ననాటి నుంచి సొంతంగా ప్రోగ్రాములు రాయడం నేర్చిన నిజమైన పనివాడు. లూసియానా రాష్ట్రంలో సాఫ్ట్‌డిస్క్ అనే కంపెనీలో నెలజీతానికి గేములు తయారుచేసేవాడు. అక్కడి మిత్రులతో కలిసి, ఆఫీసు కంప్యూటర్లను రాత్రులు, సెలవురోజులు ఇంటికి తీసుకుపోయి పనిచేసి, 1990 డిసెంబరులో సొంత గేము విడుదల చేశారు. 1991లో నలుగురు మిత్రులు ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ స్థాపించారు. 1993 డిసెంబరు 10న విడుదలైన 'డూమ్' వారిని లోకప్రసిద్ధులను చేసింది. తొలి భాగం ఉచితంగా పంచి, తక్కినది నేరుగా అమ్మారు. ఇక్కడ గమనించవలసిన విషయం వున్నది. ఈ విజయకాలంలో సంస్థ చిన్నది, నిర్మాతలే పనివారు, ఆర్డరు ఇచ్చే సేటు తలపై లేడు. నూలూ తమదే, గుడ్డా తమదే. ఆ దశలో వారి నైపుణ్యం వికసించినది.

1996లో సహచరులతో పొసగక రొమేరో బయటికి వచ్చి, అయాన్ స్టార్మ్ అనే కొత్త స్టూడియో పెట్టినాడు. డబ్బు ఈడోస్ అనే ప్రచురణ సంస్థది. డల్లాస్ నగరంలో ఆకాశహర్మ్యపు 54వ అంతస్తులో అద్దాల పైకప్పు కింద కార్యాలయం తీసుకున్నారు. ఎండ నేరుగా కంప్యూటర్ తెరలపై పడి పనిచేయడానికి వీలుకాక, పనివారు తమ బల్లల మీద నల్లటి గుడ్డలు కప్పుకుని చీకటి గుహలలో కూర్చున్నారు. యజమానికి ఆకాశం, పనివానికి చీకటి! ఈ దృశ్యాన్ని మేము కల్పించలేదు, ఆ స్టూడియో చరిత్ర రాసినవారందరూ రాసినదే.

1997 క్రిస్మస్‌కు వస్తుందన్న 'డైకటానా' గేము 2000 సంవత్సరం మే నెలలో గాని రాలేదు. ఈ మధ్యకాలంలో, 1998 నవంబరులో, ఆ గేము తయారుచేసే బృందంలో ఎనిమిదిమంది ఒక్కసారిగా రాజీనామా చేసి వెళ్లిపోయారు. ఎనిమిది సంవత్సరాల క్రితం రాత్రులు మేల్కొని తన పని తాను చేసుకున్న పనివాడే, నేడు పనివారు నిలవలేని సంస్థకు అధిపతి అయినాడు. 1999లో ఈడోస్ ఆ స్టూడియోలో ఆధిక్యం చేజిక్కించుకున్నది. గేము వచ్చింది, విఫలమైనది. 2001 జూలైలో డల్లాస్ కార్యాలయం మూతపడినది. తరువాత రొమేరో మరొక కంపెనీలో కొలువు చేశాడు, మరికొన్ని చిన్న సంస్థలు పెట్టాడు, 2015లో భార్యతో కలిసి ఐర్లండులోని గాల్వేలో ఇంకొక స్టూడియో స్థాపించాడు. 2025 జూలైలో మైక్రోసాఫ్ట్ దాదాపు 9,000 మందిని తొలగించిన రోజులలోనే, గాల్వే స్టూడియో కొత్త గేముకు ప్రచురణ సంస్థ ఇస్తున్న నిధులు ఆగిపోయినవి. ఒక్క ఉత్తరం ముక్కతో అక్కడి పనివారి బ్రతుకులు నడివీధిలో పడినవి. డూమ్ తయారుచేసిన చేతికి ఉన్న కీర్తి ఒక్క వాయిదాను కూడా ఆపలేకపోయినది.

ఇందులో రొమేరో గుణదోషాల విచారణ మాకు ముఖ్యం కాదు. ఆయన దర్పాన్ని ఎత్తిచూపి, 'వినయం వుంటే గెలిచేవాడు' అని నీతి చెప్పడం పెట్టుబడిదారీ పత్రికల పని. దర్పం ఎరుగని వేలాది స్టూడియోలు కూడా ఇదే విధంగా మూతపడుతున్నవి. కారణం ఒక్కటే. ప్రచురణ సంస్థ అంటే సేటు. అది విడతలవారీగా ఇచ్చే డబ్బు అంటే నూలు. పని ఒక దశ పూర్తయితేనే తరువాతి విడత. విడత ఆగితే స్టూడియో ఆగుతుంది, కాని ప్రచురణ సంస్థ ఆగదు. స్టూడియో యజమాని నాలుగు సాంచాల ఆసామి. అతని కింద పనిచేసేవాడు మీటరు కూలి కార్మికుడు. సచిన్‌లో గాని, డల్లాస్‌లో గాని మెట్లు మూడే.

మన దేశంలోనూ ఇదే నడక. 1997లో బెంగుళూరులో రాజేష్ రావు స్థాపించిన ధ్రువ ఇంటరాక్టివ్ మన దేశపు తొలి గేముల సంస్థలలో ఒకటి. సొంత గేములు చేయాలని బయలుదేరిన ఆ సంస్థ చివరకు నిలబడినది దేనిమీద? విదేశీ స్టూడియోల గేములకు బొమ్మలు, వస్తువులు, నేపథ్యాలు తయారుచేసి ఇచ్చే పనిమీద. సూరతు భాషలో చెప్పాలంటే, జాబ్ వర్కు! పిమ్మట స్వీడన్ దేశపు స్టార్‌బ్రీజ్ దానిని కొన్నది. స్టార్‌బ్రీజ్ అప్పులపాలు కాగా, 2019లో దానిని అమెరికాకు చెందిన రాక్‌స్టార్‌కు అమ్మివేసింది. వందలాది మన యువకుల ఇరవై రెండేళ్ల నైపుణ్యం, ఎక్కడో స్వీడన్‌లో ఒక కంపెనీ అప్పు తీర్చడానికి చేతులు మారినది. స్థాపకుని పట్టుదలను మేము తక్కువ చేయడం లేదు. పట్టుదల ఒక్కటే చాలదని మాత్రమే అంటున్నాము.

ఆసామి మన శత్రువా?

"మీ సంఘాలకు ఎవరైనా పైకి రావడం గిట్టదు" అని మన ప్రత్యర్థులు వెంటనే అంటారు. ఈ ఆరోపణకు సమాధానం చెప్పవలసి వున్నది.

కార్మికుడు తన చేతిపనిలో స్వేచ్ఛ కోరుకోవడం తప్పు కాదు. పైవాడి అదిలింపు లేకుండా తన పని తాను చేసుకోవాలనే కోరిక మానవ సహజమైనది, గౌరవించదగినది. నాలుగు సాంచాల ఆసామి మన శత్రువు కాడు, అతను మనలోనుంచి వెళ్లినవాడు, రేపు మనలోకే తిరిగి వచ్చేవాడు. పనివానికి కూలి ఎగ్గొట్టిన రోజున అతనితో పోరాడతాము, సేటు అతనికి నూలు ఆపిన రోజున అతని పక్కన నిలబడతాము. ఇందులో వైరుధ్యం లేదు.

కొందరు ఆసాములు నిజంగానే సేట్లు అయినారు. కొందరు గేము నిర్మాతలు కోటీశ్వరులు అయినారు. కాదనము. కాని లాటరీలో ఒకరికి బహుమతి వచ్చినంత మాత్రాన లాటరీని జీతం అనలేము. వందమందికి పది మంది ఎక్కగల నిచ్చెనను చూపించి, కింద మిగిలిన తొంభైమందితో "మీకు ఎక్కడం చేతకాలేదు" అని చెప్పడమే ఈ ఉపదేశంలోని మోసం. యజమాని కాలేకపోవడం అతని వ్యక్తిగత అపజయం అని నమ్మినవాడు కూలి పెంపు అడగడు, సంఘంలో చేరడు, తలవంచుకుని రాత్రి పాళీకి పోతాడు. ఆ తలవంపు కోసమే ఈ ఉపదేశం!

మన గడపలోని ఆసాములు

ఇదంతా ప్రైవేటు రంగపు గొడవ అని ఎవరైనా భావిస్తే వారు తమ ఆఫీసునే ఒకసారి కలియజూడాలి.

గ్రామీణ డాక్ సేవక్ ఎవరు? బ్రిటిషు కాలంలో 'ఎక్‌స్ట్రా డిపార్ట్‌మెంటల్ ఏజెంటు' అనే పేరుతో పుట్టినవాడు. అతనికి జీవనానికి వేరే ఆదాయం వుండాలని నిబంధన. బ్రాంచి పోస్టుమాస్టరు అయితే ఆఫీసుకు చోటు కూడా తానే చూపించాలి. అంటే షెడ్డు అతనిది, నష్టం అతనిది, ఉత్తరం మాత్రం ప్రభుత్వానిది! ఏజెంట్లు సివిల్ పోస్టులలో ఉన్నవారేనని సుప్రీంకోర్టు 1977లో రాజమ్మ కేసులో చెప్పినప్పటికీ, పేరు మార్చారే గాని శాశ్వత ఉద్యోగి హోదా ఇవ్వలేదు. రైల్వే స్టేషనులో ఎర్రచొక్కా కూలీ ఎవరు? లైసెన్సుదారుడు. 2016 బడ్జెటులో 'సహాయక్' అని గౌరవనామం దక్కింది. జీతం దక్కలేదు. బోగీలు కడిగే పని, స్టేషన్లు ఊడ్చే పని, భోజనం అందించే పని కాంట్రాక్టరు పేర నడుస్తున్నవి. ఆ కాంట్రాక్టరు కింద ఇంకొక ఉప కాంట్రాక్టరు. ఆ ఉప కాంట్రాక్టరు చాలాచోట్ల నిన్నటి మేస్త్రీయే. ఇక్కడి పైమెట్టు సేటు రైల్వే బోర్డే, తపాలా శాఖే. ప్రభుత్వం సైతం సచిన్ సేటు దగ్గరనే పాఠం నేర్చుకున్నది.

1974 మే 8న మొదలై ఇరవై రోజులు సాగిన రైల్వే సమ్మెను పాలకులు మరువలేదు. లక్షలాది శాశ్వత ఉద్యోగులు ఒకే యజమాని కింద వుంటే ఒక్క మాటతో చక్రం ఆపగలరని వారికి ఆనాడు తెలిసినది. ఆ ఒక్కటిని వెయ్యి ముక్కలు చేస్తే ఎవరు ఎవరిపై సమ్మె చేయాలో కూడా తెలియదు. కొత్త కోడ్‌లలో సమ్మె నోటీసు నిబంధనను అన్ని పరిశ్రమలకు విస్తరింపజేయడం, 300 మంది లోపు సంస్థలకు స్టాండింగ్ ఆర్డర్లు అవసరం లేదనడం ఇదే దారిలోని మరి రెండు అడుగులు. 2025 జూలై 9న దేశవ్యాప్త సమ్మెలో కార్మికులు ఎదిరించినది ఈ దారినే.

ఇడ్ సాఫ్ట్‌వేర్ గదులలో మొలకెత్తినది

మనం నిరాశ పడవలసిన పని లేదు. రొమేరో, అతని మిత్రులు స్థాపించిన ఇడ్ సాఫ్ట్‌వేర్ చేతులు మారి మారి 2021లో మైక్రోసాఫ్ట్ సొంతమైనది. స్థాపకులు వెళ్లిపోయారు. పనివారు మిగిలారు. ఆ మిగిలిన పనివారు ఏమి చేశారు? సొంత స్టూడియోలు పెట్టుకుని ఒక్కొక్కరుగా తప్పించుకోవాలని చూడలేదు. అదే మైక్రోసాఫ్ట్ నీడలోని జెనిమాక్స్ స్టూడియోలలో గేములను పరీక్షించే పనివారు 2023 జనవరిలో సంఘం స్థాపించి గుర్తింపు సాధించారు. 2025 డిసెంబరులో ఇడ్ సాఫ్ట్‌వేర్ పనివారు సైతం అదే బాట పట్టి సంఘంగా ఏర్పడ్డారు. వారు చేరిన సమాఖ్య ఏదనుకున్నారు? కమ్యూనికేషన్ వర్కర్స్ ఆఫ్ అమెరికా. టెలిఫోను పనివారు నిర్మించిన సంఘమది! తపాలా, తంతి ఉద్యమంలో పెరిగిన మనకు ఇంతకన్న దగ్గరి బంధువులు ఎవరు?

'యజమాని అయితేనే విముక్తి' అన్నది ముప్పై ఏళ్ల క్రితం ఆ గదులలో పుట్టిన కల. 'కలిసి నిలబడితేనే రక్షణ' అన్నది ఈనాడు అదే గదులలో పుట్టిన నిర్ణయం. ఈ రెంటి మధ్య దూరమే మేము చెప్పదలచిన సారాంశం.

కర్తవ్యం

నూలు ఎవరిదో, ఆర్డరు ఎవరిదో, డబ్బు ఎవరిదో వారే అసలు యజమాని. ఈ సూత్రాన్ని మనం డిమాండుగా మార్చాలి. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం 'ముఖ్య యజమాని' అనే మాటను గుర్తించి, కాంట్రాక్టరు కూలి చెల్లించనప్పుడు చెల్లించే బాధ్యతను అతనిపై పెట్టింది. ఆ బాధ్యతను కుదించడం కాదు, విస్తరించాలి. సచిన్‌లో మీటరు కూలి, ప్రావిడెంట్ ఫండ్, ప్రమాద పరిహారం నూలు ఇచ్చిన సేటు నుంచి రాబట్టాలి. గేముల స్టూడియో మూతపడితే పనివారి బకాయిలు ప్రచురణ సంస్థ నుంచి రాబట్టాలి. స్టేషను ఊడ్చేవారి జీతానికి రైల్వే, బ్రాంచి పోస్టాఫీసు నడిపేవారి హోదాకు తపాలా శాఖ పూచీ పడాలి. ఎన్ని మెట్లు మధ్యలో పెట్టినా పైమెట్టు బాధ్యత తప్పకూడదు.

మన శాఖలకు వెంటనే చేయదగిన పనులు కూడా వున్నవి. సూరతు, ఉధ్నా, సచిన్ ప్రాంతాలలో పనిచేసే రైల్వే, తపాలా సోదరులు అక్కడి తెలుగు మగ్గం కార్మికులతో పరిచయం పెంచుకోవాలి. ఇ-శ్రమ్ నమోదు, ఇ.ఎస్.ఐ. కార్డు, ప్రమాద పరిహార దరఖాస్తు, ఇవి వారి భాషలో రాసిపెట్టగల అక్షరాస్యత మనకు వున్నది. సంఘం నడపడంలో దశాబ్దాల అనుభవం మనకు వున్నది. కాంట్రాక్టు సోదరుణ్ణి, గ్రామీణ డాక్ సేవక్‌ను మన సభలో వెనుక బెంచీ మీద కాకుండా మన పక్కన కూర్చోబెట్టాలి. ఇక మన ఇళ్లలో గేములు తయారుచేసే, ప్రోగ్రాములు రాసే పిల్లలున్నారు. సంఘం అంటే తమ తండ్రుల కాలపు వస్తువని వారు అనుకుంటున్నారు. ఇడ్ సాఫ్ట్‌వేర్ కార్మికుల కథ వారికి చెప్పాలి.

మన పిల్లలు స్టూడియో పెట్టుకుంటే మాకు ఆనందమే. నేతగాడు సాంచా కొనుక్కుంటే మాకు ఆనందమే. కాని ఆ సాంచా ఆగిన రోజున అతని పిల్లల అన్నం ఆగకూడదు. ఆ హామీ ఏ ఉపదేశకుడూ ఇవ్వడు, ఏ సేటూ ఇవ్వడు. దానిని సాధించుకోవలసినది సంఘటిత కార్మికవర్గమే.

ముఖ్య యజమాని బాధ్యతను సాధించుదాం! కార్మిక కోడ్‌లను ఎదిరించుదాం!

శాశ్వత, కాంట్రాక్టు, వలస కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!